విదేశీ చదువుకు ట్రస్టు స్కాలర్‌షిప్: దరఖాస్తు ఎలా చేయాలి

విదేశంలో చదవాలన్న కోరిక, చదవగల శక్తి రెండూ ఉండి, డబ్బు దగ్గర ఆగిపోయిన వారి కోసం ఇది రాస్తున్నాను. ప్రభుత్వాలు ఇచ్చే స్కాలర్‌షిప్‌ల జోలికి ఇక్కడ పెద్దగా వెళ్లను. ఎవరో ఒక దాత పెట్టిన మూలధనంతో నడిచే ట్రస్టులు, ఫౌండేషన్లు, సేవా సంఘాలు ఇచ్చే సాయం గురించే చెబుతాను. ప్రభుత్వం తన విధానాన్ని బట్టి ఇస్తుంది, విధానం మారితే స్కాలర్‌షిప్ కూడా మారుతుంది. దాత ఇచ్చిన సొమ్ము అలా కాదు. అది దాత రాసిన మాటకు కట్టుబడి ఉంటుంది. ఆ మనిషి పోయి వందేళ్లు దాటినా, ధర్మకర్తలు ఆ మాట ప్రకారమే ఖర్చు పెట్టాలి.

కొన్నేళ్లుగా విద్యార్థుల దరఖాస్తులు చదివి, లోపాలు చూపించి పంపుతున్నాను. మంచి మార్కులున్న పిల్లలు ఓడిపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఒకటే: ఎవరి డబ్బు అడుగుతున్నారో తెలుసుకోకుండా అడగడం. ఒకే వ్యాసం రాసి, పైన ట్రస్టు పేరు మార్చి పది చోట్లకు పంపుతారు. చదివేవారికి అది మొదటి పేరాలోనే తెలిసిపోతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

కోర్సు మొదలయ్యే నెల నుంచి వెనక్కి లెక్కించండి. ఏడాదిన్నర ముందు మొదలుపెడితే ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. ఏడాది ముందు మొదలుపెడితే పరుగులు తప్పవు. పెద్ద స్కాలర్‌షిప్‌ల గడువులు చాలామంది అనుకునే దానికంటే ముందే ముగుస్తాయి. ఆక్స్‌ఫర్డ్‌లో చదివించే రోడ్స్ స్కాలర్‌షిప్‌కు, అక్టోబరులో మొదలయ్యే చదువు కోసం చాలా దేశాలవారు ముందు ఏడాది మధ్యలోనే దరఖాస్తు చేసుకోవాలి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో చదివించే గేట్స్ కేంబ్రిడ్జ్‌కు అమెరికాలో ఉంటున్న అమెరికా పౌరులకు అక్టోబరులో, మిగిలిన దేశాలవారికి కోర్సును బట్టి డిసెంబరులోనో జనవరిలోనో గడువు ముగుస్తుంది. అంటే కోర్సు మొదలవడానికి తొమ్మిది, పది నెలల ముందే అన్నమాట.

మొదటి నెలలో చేయవలసిన పనులు చిన్నవే, కానీ ఆలస్యమైతే మొత్తం ఆగిపోతుంది. పాస్‌పోర్టు లేకపోతే వెంటనే దరఖాస్తు చేయండి. ఉంటే గడువు చూసుకోండి. ఆంగ్ల భాషా పరీక్ష రాయాల్సి వస్తే తేదీ నిర్ణయించుకోండి. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ ఫలితాలు రెండేళ్ల వరకే చెల్లుతాయి కాబట్టి మరీ ముందుగా రాసినా చిక్కే. కళాశాల నుంచి మార్కుల జాబితాలు మూసిన కవరులో తెప్పించుకోవడానికి కొన్నిచోట్ల వారాలు పడుతుంది. ఆ అర్జీ ఇప్పుడే పెట్టేయండి.

ఎక్కడ వెతకాలి

పెద్ద పేర్లు అందరికీ తెలుసు, అందుకే అక్కడ పోటీ తీవ్రం. వాటికి దరఖాస్తు చేయవద్దని అనను. కానీ వాటిమీదే ఆశంతా పెట్టుకోవద్దు. మూడు వరుసలుగా వెతకండి.

మొదటి వరుసలో ఖర్చంతా భరించే నిధులు ఉంటాయి. సెసిల్ రోడ్స్ 1902లో మరణించాక ఆయన వీలునామా ప్రకారం ఏర్పడిన రోడ్స్ స్కాలర్‌షిప్ వీటిలో పాతది. బిల్, మెలిండా గేట్స్ ఫౌండేషన్ 2000లో 21 కోట్ల డాలర్లు ఇవ్వడంతో మొదలైన గేట్స్ కేంబ్రిడ్జ్, 2018లో తొలి బృందాన్ని చేర్చుకున్న స్టాన్‌ఫర్డ్‌లోని నైట్-హెన్నెసీ కూడా ఈ కోవలోవే.

రెండో వరుసలో ఫలానా వర్గానికో ఫలానా ప్రయోజనానికో కేటాయించిన నిధులు ఉంటాయి. అమెరికాలో చదవబోయే ఇతర దేశాల మహిళలకు అమెరికా విశ్వవిద్యాలయ మహిళల సంఘమైన ఏఏయూడబ్ల్యూ 1917 నుంచి ఫెలోషిప్‌లు ఇస్తోంది. పీఈఓ అనే మహిళా సంఘం 1949లో మొదలుపెట్టిన అంతర్జాతీయ శాంతి స్కాలర్‌షిప్ అమెరికా, కెనడాల్లో పైచదువులు చదివే ఇతర దేశాల మహిళలకు ఉద్దేశించినది. రోటరీ ఫౌండేషన్ గ్లోబల్ గ్రాంటు ద్వారా పీజీ చదువుకు సాయం చేస్తుంది. దీనికి మీరు నేరుగా ఫౌండేషన్‌కు రాసి లాభం లేదు. ఒక రోటరీ క్లబ్బో, కొన్ని క్లబ్బులు కలిసిన డిస్ట్రిక్టో మిమ్మల్ని ఎంపిక చేసి తన పేరు మీద దరఖాస్తు పంపాలి. మీ చదువు శాంతి, వ్యాధి నివారణ, నీరు, తల్లీబిడ్డల ఆరోగ్యం, విద్య, స్థానిక ఆర్థికాభివృద్ధి, పర్యావరణం అనే ఏడు రంగాల్లో ఒకదానికి చెందాలి. గ్లోబల్ గ్రాంటు కనీస బడ్జెట్ 30,000 డాలర్లు. క్లబ్బు ద్వారానే వెళ్లాలని తెలియక ఏడాది పోగొట్టుకున్నవారు ఉన్నారు. క్లబ్బు వారిని కలవడానికే కొన్ని నెలలు కేటాయించుకోవాలి.

మూడో వరుసలో ఉండే చిన్న ట్రస్టులను ఎవరూ పట్టించుకోరు. నాకు ఎక్కువ నమ్మకం వీటిమీదే. ఇవి ఫీజంతా కట్టవు. ఒక సెమిస్టరు ఖర్చులో కొంతో, విమాన టికెట్టో, చివరి ఏడాదికి తక్కువ పడిన మొత్తమో ఇస్తాయి. వీటికి ప్రచారం ఉండదు, కొన్నింటికి సరైన వెబ్‌సైటు కూడా ఉండదు. అయినా వీటి లెక్కలు బహిరంగంగానే దొరుకుతాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో నమోదైన ధర్మసంస్థల ఖాతాలు ఛారిటీ కమిషన్ రిజిస్టరులో ఉచితంగా చూడవచ్చు. అమెరికాలో ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా పన్నుల శాఖకు ఇచ్చే 990-పీఎఫ్ అనే ఫారం ఎవరైనా చదవవచ్చు. ఆ ఏడాది ఎవరికి ఎంత ఇచ్చారో అందులో ఉంటుంది. దరఖాస్తు ఎవరికి పంపాలి, ఏ రూపంలో పంపాలి, గడువు ఏమిటి అన్న వివరాలకు కూడా అందులో చోటుంది. ముందే ఎంచుకున్న సంస్థలకే ఇస్తాం, అడగకుండా వచ్చే దరఖాస్తులు తీసుకోం అని చెప్పడానికి ఒక గడి ఉంటుంది. ఆ గడిలో టిక్కు ఉంటే అక్కడితో ఆపేసి వేరే ట్రస్టును చూసుకోండి. పది నిమిషాల ఈ పని మీకు రెండు వారాల శ్రమ మిగులుస్తుంది.

ఇదే పరిశీలన మోసాల నుంచి కూడా కాపాడుతుంది. స్కాలర్‌షిప్ మంజూరైంది, విడుదల చేయడానికి ముందుగా కొంత కట్టండి అని ఎవరైనా అంటే అది మోసమే. మీరు దరఖాస్తే చేయని చోటి నుంచి ఎంపికయ్యారన్న సందేశం వచ్చినా అంతే. రిజిస్టరులో పేరు, నమోదు సంఖ్య, చిరునామా సరిపోలాలి. ఖాయంగా ఇప్పిస్తామని అరచేతిలో వైకుంఠం చూపించే దళారుల మాట నమ్మకండి. ఏ నిజమైన ట్రస్టూ తన ఎంపికను దళారుల చేతిలో పెట్టదు.

దాత మాట చదవండి

ఇది అన్నింటికంటే ముఖ్యమైన అంచె. చాలామంది దాటేసేది కూడా ఇదే.

ట్రస్టు వెబ్‌సైటులో అర్హతల పేజీ చదివితే సరిపోదు. ఆ నిధి ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, పత్రంలో ఏమని రాశారు అన్నది వెతకండి. రోడ్స్ వీలునామాలో నాలుగు గుణాలు ఉన్నాయి: చదువులో ప్రతిభ; క్రికెట్, ఫుట్‌బాల్ వంటి ఆటల పట్ల ఇష్టం, వాటిలో విజయం; సత్యం, ధైర్యం, బలహీనుల పట్ల సానుభూతి వంటి సద్గుణాలు; నాయకత్వానికి కావలసిన నైతిక బలం. ఎంపిక సంఘాలు నేటికీ ఆ మాటలనే తమ భాషలో వాడుతున్నాయి, ఆటల చోట మాత్రం తన శక్తిని పూర్తిగా వినియోగించే చురుకుదనం అంటున్నాయి. ఆ వీలునామా ఎంత గట్టిదంటే, పురుషులకే అని రాసిన షరతు వల్ల 1977 వరకు ఒక్క మహిళ కూడా ఎంపిక కాలేదు. బ్రిటన్‌లో చట్టం మారాకే ఆ తలుపు తెరుచుకుంది. దాత మాటలో మంచీ ఉంటుంది, ఆ కాలపు అన్యాయమూ ఉంటుంది. రెండూ అర్జీదారుడి మీద పడతాయి.

గేట్స్ కేంబ్రిడ్జ్‌దీ నాలుగు కొలబద్దలే. మేధాశక్తి, ఈ కోర్సే ఎందుకు ఎంచుకున్నారన్న కారణం, ఇతరుల జీవితాలను మెరుగుపరచాలన్న నిబద్ధత, నాయకత్వ సామర్థ్యం. ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ప్రతిభనే అడుగుతున్నాయి, కానీ ఒకటి శీలాన్ని తూకం వేస్తోంది, మరొకటి చదువు ఎటు తీసుకెళ్తుందో అడుగుతోంది. ఒకే వ్యాసం రెండింటికీ ఎలా సరిపోతుంది?

ఒక కాగితం తీసుకుని నిలువునా గీత గీయండి. ఎడమ పక్క దాత కోరినవి ఆ మాటల్లోనే రాయండి. కుడి పక్క, ఒక్కొక్కదానికి ఎదురుగా, మీరు చేసిన పనుల్లో దానికి సాక్ష్యం చెప్పేది రాయండి. అభిప్రాయాలు కాదు, పనులు. ఎక్కడ, ఎప్పుడు, ఎంతమందితో, ఏమైంది. రెండు మూడు గళ్లు ఖాళీగా మిగిలితే ఆ ట్రస్టు మీది కాదు. అలాంటి చోట దరఖాస్తు పెట్టకపోవడం ఓటమి కాదు, సరిపోయే చోటికి మీ సమయం మళ్లించుకోవడం.

అర్హత దగ్గర బతిమాలడం వల్ల ఉపయోగం లేదు. వయసు ఆరు నెలలు దాటింది, కోర్సు కాస్త తేడా, ఈ ఒక్కసారికి చూడండి అని రాస్తుంటారు. ధర్మకర్తలకు మనసు లేక కాదు, ఆ అధికారం వారికి లేకే కుదరదంటారు. అమెరికాలో ప్రైవేటు ఫౌండేషన్ వ్యక్తులకు స్కాలర్‌షిప్‌లు ఇవ్వాలంటే ఎంపిక విధానాన్ని పన్నుల శాఖ ముందుగా ఆమోదించాలి. దాన్ని దాటి ఇస్తే ఫౌండేషన్ మీద పన్ను పడుతుంది. కానీ నిబంధన అర్థం కాకపోతే తప్పకుండా అడగండి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. రెండు వాక్యాల ఈమెయిలు చాలు: మీ పరిస్థితి ఒక వాక్యం, ప్రశ్న ఒక వాక్యం.

ఇక్కడే ఇంకో రెండు విషయాలు చూసుకోండి. మొదటిది, అది గ్రాంటా, రుణమా? స్కాలర్‌షిప్ అని పేరున్నా కొంత తిరిగి కట్టవలసినవి ఉన్నాయి. ఆగా ఖాన్ ఫౌండేషన్ అంతర్జాతీయ స్కాలర్‌షిప్‌లో సగం గ్రాంటు, సగం రుణం. 1892లో మొదలైన జె.ఎన్. టాటా ఎండోమెంట్ ఇచ్చేది రుణ స్కాలర్‌షిప్. ఇవి చెడ్డవని కాదు, తెలిసి తీసుకోవాలి. రెండోది, చదువయ్యాక స్వదేశానికి తిరిగి రావాలన్న షరతు ఉందా? ఉంటే, నిజంగా తిరిగి వచ్చే ఉద్దేశం ఉన్నప్పుడే సంతకం పెట్టండి.

ప్రవేశం ముందా, డబ్బు ముందా

ఒక్కో ట్రస్టుది ఒక్కో పద్ధతి. గేట్స్ కేంబ్రిడ్జ్‌కు విశ్వవిద్యాలయ ప్రవేశ దరఖాస్తులోనే భాగంగా అర్జీ పెడతాం. ప్రవేశమూ స్కాలర్‌షిప్పూ సమాంతరంగా నడుస్తాయి. రోటరీ గ్లోబల్ గ్రాంటుకు ప్రవేశం దొరికినట్టు రుజువు చూపించాలి. చిన్న ట్రస్టుల్లో చాలావరకు ప్రవేశ పత్రం చేతిలో ఉంటేనే అర్జీ తెరిచి చూస్తాయి. కాబట్టి విశ్వవిద్యాలయ దరఖాస్తును ఎప్పుడూ ముందు ఉంచండి. డబ్బు కుదిరాక చూద్దాం అనుకుంటే రెండూ కుదరవు.

ప్రవేశ పత్రం రెండు రకాలు. ఫలానా మార్కులు వస్తే, భాషా పరీక్ష నెగ్గితే చేర్చుకుంటాం అన్నది షరతులతో కూడినది. షరతులన్నీ తీరాక వచ్చేది ఖాయమైన పత్రం. ట్రస్టు ఏది అడుగుతోందో చూడండి. షరతులున్న పత్రం వచ్చినప్పుడు ఆ షరతులను దాచకుండా రాసి, ఏ తేదీకి తీరతాయో కూడా చెప్పండి. డిపాజిట్ కట్టమని విశ్వవిద్యాలయం తొందర పెడితే, స్కాలర్‌షిప్ ఫలితం ఫలానా తేదీకి వస్తుంది, అప్పటివరకు గడువు ఇవ్వగలరా అని రాయండి. ఇలా అడిగితే గడువు పొడిగించిన సందర్భాలు చూశాను.

లెక్క రాయడం

దరఖాస్తులో అందరూ హడావుడిగా నింపే పేజీ బడ్జెట్. ధర్మకర్తల్లో చాలామంది తమ వృత్తిలో లెక్కలు చూసినవారు. వారు వ్యాసం కంటే ముందు ఈ పేజీ చదివినా ఆశ్చర్యం లేదు.

ట్యూషన్ ఫీజు, అద్దె, భోజనం అందరూ రాస్తారు. వదిలేసేవి వేరే ఉంటాయి: ఆరోగ్య బీమా, వీసా రుసుము, వైద్య పరీక్షలు, విమాన ప్రయాణం, శీతల దేశమైతే చలిదుస్తులు, సెలవుల్లో హాస్టలు మూసేస్తే అప్పటి అద్దె. అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది మొదటి నెల. ఇంటి అడ్వాన్సు, మొదటి అద్దె చేరిన రోజే కట్టాలి. స్టైపెండు మాత్రం అక్కడ బ్యాంకు ఖాతా తెరిచాకే వస్తుంది. ఆ మధ్యకాలం ఎలా గడుస్తుందో ఒక వరుసలో రాయండి. నేను చదువుకు వెళ్లే ముందు రాసిన మొదటి అర్జీలో ఆరోగ్య బీమా మరిచిపోయాను. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన నెమ్మదిగా, జబ్బు చేస్తే ఏం చేస్తావమ్మా అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు, ఆ ఏడాది సాయం రాలేదు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

ప్రతి అంకె పక్కన అది ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పండి. విశ్వవిద్యాలయమే తన విద్యార్థులకు జీవన వ్యయం ఎంతవుతుందో ప్రకటిస్తుంది, దాన్నే వాడండి. ఏ రోజు మారకపు రేటుతో లెక్కించారో రాయండి. తర్వాత ఆదాయం వైపు: సొంత పొదుపు, కుటుంబం ఇవ్వగలిగింది, విశ్వవిద్యాలయ రాయితీ, ఇతర ట్రస్టులకు పెట్టిన అర్జీలు. మంజూరైనవి వేరు, ఎదురుచూస్తున్నవి వేరు అని విడిగా చూపించండి. ఉదాహరణకు మొత్తం ఖర్చు 30,000 పౌండ్లు అనుకుందాం. రాయితీ 10,000, కుటుంబం 9,000, మంజూరైన ఒక గ్రాంటు 7,000 పోగా మిగిలింది 4,000. చిన్న ట్రస్టును ఆ 4,000లో 1,500 అడుగుతున్నాం, మిగతా 2,500 కోసం మరో రెండు చోట్ల అర్జీ పెట్టాం అని రాస్తే వారికి తమ సొమ్ము వృథా కాదన్న ధైర్యం కలుగుతుంది. వారి భయం అదే. 1,500 ఇచ్చాక మిగిలింది దొరక్క విద్యార్థి వెళ్లలేకపోతే ఆ సాయానికి ఫలితం ఉండదు. అందుకే చిన్న ట్రస్టును ఖర్చంతా ఇవ్వమని అడగకండి. గట్టు దాటడానికి మిగిలిన ఆఖరి అడుగు అడగండి.

పేదరికం గురించి ఒక మాట. ఉన్నది ఉన్నట్టు రాయండి. పెంచనూ వద్దు, సిగ్గుతో దాచనూ వద్దు. నెల ఆదాయం ఇంత, ఆధారపడినవారు ఇంతమంది, అప్పు ఇంత అని అంకెల్లో చెబితే గౌరవంగా ఉంటుంది, నమ్మకంగానూ ఉంటుంది.

వ్యాసం

చాలా వ్యాసాలు ఇలా మొదలవుతాయి: “చిన్నప్పటి నుంచి సమాజానికి సేవ చేయాలన్నది నా కల. ఉన్నత విద్య ద్వారా ప్రపంచాన్ని మార్చాలని కోరుకుంటున్నాను.” ఇది అబద్ధం కాకపోవచ్చు. కానీ ఎవరైనా రాయగల వాక్యం. నేల విడిచి సాము చేసినట్టు ఉంటుంది. చదివేవారికి మీ ముఖం కనిపించదు.

అదే విద్యార్థిని ఇలా మొదలుపెట్టి ఉంటే: “రెండేళ్లుగా నేను తాగునీటి ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. నమూనాలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే నివేదికలో ఎర్రగీత పెడతాం. అక్కడితో మా పని అయిపోతుంది. ఆ బావి నీళ్లే తాగాల్సిన వారు ఇప్పుడేం చేయాలని అడిగితే చెప్పగలిగినవారు మా ప్రయోగశాలలో ఎవరూ లేరు. ఈ కోర్సు రెండో సెమిస్టరులో తక్కువ ఖర్చుతో నీటిని శుద్ధి చేసే పద్ధతులు బోధిస్తారు. నేను వెళ్లేది దానికోసం.” ఇందులో సేవ అన్న మాట ఒక్కసారీ లేదు. అయినా సేవాభావం తెలుస్తోంది. 1.5 అన్న అంకె ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి. తన పని తనకు తెలుసని ఆ ఒక్క అంకె చెబుతోంది. ముఖ్యంగా, ఆమె గతానికీ కోర్సుకూ మధ్య దారం ఉంది. అది తెగకుండా భవిష్యత్తు దాకా వెళ్లాలి: తిరిగి వచ్చాక ఎక్కడ, ఏ స్థానంలో, ఏ పని.

రాసే ముందు మూడు ప్రశ్నలకు ఒక్కో వాక్యంలో జవాబు చెప్పుకోండి. మీకు ఏమి తెలియక పని ఆగింది? అది ఆ విశ్వవిద్యాలయంలో ఎవరి దగ్గర, ఏ పాఠంలో దొరుకుతుంది? దొరికాక ఎవరికి ఉపయోగం? ఈ మూడు వాక్యాలు గట్టిగా నిలబడితే వ్యాసం దానంతట అదే వస్తుంది. నిలబడకపోతే ఎంత అందంగా రాసినా ఊకదంపుడే. అప్పుడు భాష దిద్దకండి, తిరిగి కోర్సు పాఠ్యప్రణాళిక చదవండి.

విశ్వవిద్యాలయం గొప్పతనం గురించి రాయకండి. వారికి తెలుసు. దాతను పొగడకండి. మహానుభావులని, దయామయులని రాసిన వాక్యాలన్నీ కొట్టేయండి. ఆ చోటులో మీ పని ఇంకొకటి చెప్పవచ్చు. దాత ఆశయాన్ని తెలుసుకున్నారని చూపించాలంటే మీ ఎంపికల్లో చూపించండి. నిధి గ్రామీణ వైద్యం కోసం పెట్టినదైతే మీరు చేసిన వాటిలో దానికి దగ్గరైన ఉదాహరణను ముందుకు తెండి, బహుమతి వచ్చిన ప్రాజెక్టును వెనక్కి నెట్టండి.

పరిమితిని గౌరవించండి. గేట్స్ కేంబ్రిడ్జ్ వ్యక్తిగత వ్యాసానికి 3,000 అక్షరాలే ఇస్తుంది. అంత చిన్న చోటులో జీవిత చరిత్ర పట్టదు. ఒక సంఘటన, ఒక మలుపు, ఒక ఉద్దేశం పడతాయి. మొదటి ప్రతి రెండింతలు రాసి, వారం పక్కన పెట్టి, తర్వాత సగానికి కోయండి. గట్టిగా పైకి చదవండి. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం బాగాలేదు.

ఇతరుల సాయం తీసుకోవచ్చా? నిబంధన చదవండి. రోడ్స్ ట్రస్టు వ్యక్తిగత వ్యాసాన్ని ఎవరి సాయం లేకుండా స్వయంగా రాశానని సంతకం పెట్టమంటుంది. అలాంటి వాటిని ఎవరు తెచ్చినా నేను చదవను, మీరూ ఎవరికీ చూపించవద్దు. నిషేధం లేని చోట ఇద్దరికి చూపించండి: మీ సబ్జెక్టు తెలిసిన ఒకరికి, అసలు తెలియని ఒకరికి. రెండో వ్యక్తికి అర్థం కాని చోటే తిరిగి రాయండి, ఎందుకంటే ధర్మకర్తల్లో ఎక్కువమంది ఆ రెండో వ్యక్తి లాంటివారే. యంత్రం చేత రాయించిన వ్యాసం పంపకండి. ఇంటర్వ్యూలో ఆ మాటలు మీ నోట రావు.

సిఫారసు లేఖలు

పెద్ద పదవిలో ఉన్నవారి లేఖ కంటే మిమ్మల్ని దగ్గరగా చూసినవారి లేఖ విలువైనది. మీ ప్రాజెక్టు రాత్రింబగళ్లు చూసిన సహాయాచార్యుడు ఉదాహరణలతో రాయగలరు. మీ ముఖం గుర్తులేని ప్రిన్సిపాల్ మంచి విద్యార్థి అని మాత్రమే రాయగలరు.

లేఖ దేని గురించి అడుగుతున్నారో కూడా చూడండి. గేట్స్ కేంబ్రిడ్జ్‌కు కోర్సు కోసం రాసే ఇద్దరి లేఖలతో పాటు స్కాలర్‌షిప్‌కు తగినవారా అని చెప్పే మూడో లేఖ కావాలి. దానికి మీ పరిశోధన మాత్రమే కాక, మీరు మనుషులతో ఎలా మెలుగుతారో తెలిసినవారిని ఎంచుకోండి.

కనీసం ఆరు వారాల ముందు వెళ్లి అడగండి. “సార్, నాకు బలమైన లేఖ రాయగలననిపిస్తోందా?” అని అడిగితే, వీలుకాని వారు మర్యాదగా తప్పుకోవడానికి దారి ఉంటుంది. ఒప్పుకున్నవారికి ఒక చిన్న కట్ట ఇవ్వండి: ట్రస్టు కోరే గుణాలు, మీ వ్యాసం ప్రతి, మార్కుల జాబితా, వారి దగ్గర మీరు చేసిన పనిని గుర్తుచేసే అరపేజీ, గడువు తేదీ. నాకు బాగా గుర్తున్న ఒక అమ్మాయి విషయంలో, లేఖ లోపల వేరే ట్రస్టు పేరు ఉండిపోయింది. రాసినవారు పాత లేఖనే తిప్పి పంపారు. ట్రస్టు పేరు, సరైన స్పెల్లింగు, లేఖ చేరవలసిన లింకు ఒకే కాగితం మీద ఇచ్చి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు. గడువుకు పది రోజుల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి మర్యాదగా గుర్తుచేయండి. నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను అని ఎవరైనా అంటే వద్దని, వివరాలు మాత్రం రాసిస్తానని చెప్పండి.

ఫారం, పత్రాలు

ఇక్కడ కావలసింది జాగ్రత్త మాత్రమే. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో ప్రతి పత్రంలో అలాగే ఉండాలి. ఇంటిపేరు ముందుకో వెనక్కో మారి ఉంటే వివరణ పత్రం జతచేయండి. ఆంగ్లంలో లేని ధ్రువపత్రాలకు అధీకృత అనువాదం చేయించండి. ఫైళ్లకు అర్థమయ్యే పేర్లు పెట్టండి. గడువు ఏ దేశపు సమయం ప్రకారమో చూసుకుని రెండు రోజుల ముందే పంపండి, చివరి గంటలో సర్వర్లు మొరాయిస్తాయి. పంపిన దాని ప్రతి, వచ్చిన రసీదు భద్రపరచండి.

ఇంటర్వ్యూ

ఎదుట కూర్చునేవారు మీ రంగం వారు కాకపోవచ్చు. పదవీ విరమణ చేసిన న్యాయవాది, వైద్యురాలు, దాత కుటుంబ సభ్యులు, అదే స్కాలర్‌షిప్‌తో చదివిన పాత విద్యార్థి ఉండవచ్చు. మీ పరిశోధన ఏమిటో రెండు నిమిషాల్లో, సాంకేతిక పదం లేకుండా చెప్పడం సాధన చేయండి. తెలివైన పదిహేనేళ్ల పిల్లకు చెబుతున్నట్టు చెప్పాలి.

దాదాపు ప్రతి చోటా వచ్చే ప్రశ్న ఒకటుంది: మేము ఇవ్వకపోతే ఏం చేస్తారు? మీరు తప్ప నాకు దిక్కు లేదనడం సరైన జవాబు కాదు. ఏడాది పనిచేసి కొంత కూడబెట్టి మళ్లీ ప్రయత్నిస్తాను, ఈలోగా ఫలానా పని కొనసాగిస్తాను అని చెబితే, చదువు మీకు నిజంగా అవసరమని వారికి తెలుస్తుంది. తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పండి. తెలుసుకోవాలంటే ఎక్కడ వెతుకుతారో కలపండి. మీ వ్యాసంలో రాసిన ప్రతి వాక్యం మీద ప్రశ్న రావచ్చు కాబట్టి ముందురోజు దాన్ని ఎదుటివారి కళ్లతో చదవండి.

ఫలితం వచ్చాక

వస్తే, సంతోషం తీరాక నిబంధనల పత్రం పూర్తిగా చదవండి. డబ్బు విశ్వవిద్యాలయానికి నేరుగా కడతారా, మీ ఖాతాకు వస్తుందా, ఎన్ని విడతలు, రెండో ఏడాదికి మార్కుల షరతు ఉందా? ఇంకో సాయం కూడా వస్తే ఇద్దరికీ చెప్పాలి. బయటి స్కాలర్‌షిప్ వచ్చిందని విశ్వవిద్యాలయం తన రాయితీ తగ్గించే అవకాశం ఉంది. ఆ సంగతి విశ్వవిద్యాలయం ఆర్థిక సాయ విభాగాన్ని ముందే రాతపూర్వకంగా అడగండి. అమెరికాలోనైతే ట్యూషన్‌కు వచ్చిన భాగం మీద సాధారణంగా పన్ను ఉండదు, జీవన వ్యయానికి వచ్చిన భాగం మీద ఉండవచ్చు.

వీసా కోసం ట్రస్టు లెటర్‌హెడ్ మీద ఒక లేఖ అడిగి తీసుకోండి. మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు, కోర్సు, మొత్తం, ఏ కాలానికి, ఏ ఖర్చులకు అన్నవి అందులో ఉండాలి. స్కాలర్‌షిప్ కొంత ఖర్చుకే అయితే మిగిలిన డబ్బు మీరు చూపించాలి. బ్రిటన్ విద్యార్థి వీసాకు ఆ డబ్బు ఖాతాలో వరుసగా 28 రోజులు ఉండాలి. ఒక్క రోజు తగ్గినా తిరస్కరించవచ్చు. కాబట్టి ఆ రోజులు లెక్కపెట్టుకుని వీసా తేదీ ఎంచుకోండి.

రాకపోతే, మూడు రోజులు ఆగి, లోపం ఎక్కడుందో చెప్పగలరా అని మర్యాదగా రాయండి. పెద్ద సంస్థలు తరచు జవాబివ్వవు. చిన్న ట్రస్టులు ఒక్కోసారి చేతితో రాసి పంపుతాయి. విశ్వవిద్యాలయాన్ని సీటు మరో ఏడాదికి వాయిదా వేయమని అడగండి. ఇదివరకటి రెండు గళ్ల కాగితం తీసి, ఏ గడి బలహీనంగా ఉందో చూసి, ఈ ఏడాది ఆ ఒక్కదాని మీద పనిచేయండి. రెండోసారి ఎంపికైన వారిని నేను చూశాను. వారి వ్యాసం మారడానికి ముందు వారు చేసే పని మారింది.

వచ్చినవారికి మరో పని మిగిలి ఉంటుంది. చేరిన మొదటి నెలలోనే ట్రస్టుకు ఒక పేజీ ఉత్తరం రాయండి: ఫీజు కట్టిన రసీదు, ఏ పాఠాలు తీసుకున్నారో, ఎక్కడ ఉంటున్నారో. తర్వాత ప్రతి సెమిస్టరు చివర ఒకటి. ఆ ఉత్తరాలు ధర్మకర్తల సమావేశంలో చదువుతారు. వచ్చే ఏడాది ఎంతమందికి ఇవ్వాలో నిర్ణయించేది కూడా ఆ సమావేశంలోనే.